ఎడమ జేబులో బిరడా

మరిగిన నీళ్లు పడగానే బ్యాటరీ మీది ఆకుపచ్చ పొడి బుసబుసా పొంగి పక్కలకు జారిపోయింది. మేస్త్రీ కెటిల్ కింద పెట్టి, అరిగిపోయిన పళ్ల బ్రష్షు తీసుకుని టెర్మినల్ చుట్టూ నెమ్మదిగా రుద్దడం మొదలుపెట్టాడు. టీ కోసం కాచిన నీళ్లలో సగం ఇలా బ్యాటరీకి పోవడం అలవాటే. ముందు బ్యాటరీ తాగాలి, ఆ తర్వాతే తను. ముప్ఫై ఒక్క ఏళ్లుగా ఇదే వరస. పొడి కరిగి, కిందనుంచి సీసం తళతళా బయటపడుతుంటే చూడటం అతనికి ఇప్పటికీ సరదాయే. పొద్దున్న ఏడింటికే ఇంత సుఖం ఎంతమందికి దొరుకుతుందని నిజంగానే అనుకుంటాడు.

అంతకు పది నిమిషాల ముందు డ్రైవరమ్మ బోటు తాళం తిప్పింది. ఇంజను లోపల 'టక్'మని ఒక్క చప్పుడు, అంతే. ఆమె చెయ్యి మళ్లీ తాళం మీదికి వెళ్లబోయింది.

"ఆగు," అన్నాడు మేస్త్రీ.

ఈ ఒక్క మాటకే అతనికి ఆ పేరు వచ్చింది. బోటు క్లబ్బులో అందరికీ అతను ఆగు మేస్త్రీ. ఇంజను లేవకపోతే ఎవరైనా చేసేది ఒకటే: మళ్లీ తిప్పుతారు, మళ్లీ తిప్పుతారు, బ్యాటరీ చచ్చేదాకా తిప్పుతారు. పిలిస్తే పలకని మనిషిని పట్టుకుని చెంపలు వాయించినట్టు ఉంటుంది అతనికి ఆ పని చూస్తే. ఎందుకు పలకలేదో ముందు కనుక్కోవద్దూ? అందుకని ఎవరు ఏ బోటులో తాళం రెండోసారి తిప్పబోయినా, షెడ్డులో ఏ మూల ఉన్నా, అతని నోట్లోంచి ఆ మాట ఊడిపడుతుంది. మిగతా రోజంతా నోట్లో నాలుక లేనట్టే ఉంటాడు.

షెడ్డు సరస్సు ఒడ్డునే ఉంది. రేకుల కప్పు, మూడు పక్కలా గోడ, నాలుగో పక్క నీళ్లలోకి దిగే సిమెంటు వాలు. లోపల పెట్రోలు వాసనా తడి తాళ్ల వాసనా కలిసిపోయి ఉంటాయి. గోడకి వరసగా నారింజ రంగు లైఫ్ జాకెట్లు, ఆ వరస చివర ఒక మేకు. ఆ మేకు మేస్త్రీది. పొద్దున్న వచ్చీ రాగానే ఇంటి చొక్కా విప్పి దానికి తగిలించి, అక్కడున్న ఖాకీ చొక్కా తొడుక్కుంటాడు. సాయంత్రం ఐదింటికి అది తగిలించి, ఇది తొడుక్కుంటాడు. ఆ ఖాకీ చొక్కా చూసిన వాళ్లెవరికైనా ఒక విషయం కనిపిస్తుంది: ఎడమ జేబు కుడి జేబు కన్నా వేలెడు కిందికి సాగిపోయి ఉంటుంది. ఎందుకంటే అందులో బిరడా ఉంటుంది.

బోటు అడుగున, వెనక వైపు, బొటనవేలు పట్టేంత కన్నం ఒకటుంది. నీళ్లలోంచి ఒడ్డుకు లాగాక ఆ కన్నానికున్న బిరడా విప్పితే లోపల చేరిన నీళ్లన్నీ కారిపోతాయి. మళ్లీ నీళ్లలోకి దించేముందు దాన్ని బిగించాలి. ఇత్తడిది, చిన్నదే కానీ బరువుంటుంది. బోటు ఒడ్డు మీద ఉన్నంతసేపూ అది మేస్త్రీ ఎడమ జేబులోనే ఉండాలి. దించేముందు అతను దాన్ని తీసి డ్రైవరమ్మ అరచేతిలో పెట్టాలి. ఆమె తన చేత్తో బిగించి "వేశాను బాబాయ్" అనాలి. సాయంత్రం ఆమే విప్పి అతని అరచేతిలో పెట్టాలి. పదకొండేళ్లుగా ఒక్కరోజు కూడా తప్పని వాడుక ఇది. ఎందుకు వచ్చిందో క్లబ్బులో అందరికీ తెలుసు. అందరికీ తెలిసింది తప్పు.

"ఇప్పుడు తిప్పు," అన్నాడు మేస్త్రీ, నట్లు బిగించి. ఇంజను వేడెక్కకుండా నల్లా గొట్టం తగిలించి, పెట్రోలు ట్యాంకు మూత తీసి ముక్కు పెట్టి ఒకసారి వాసన చూసి, మళ్లీ మూసి అప్పుడన్నాడు. పెట్రోలులో నీళ్లు కలిస్తే అతనికి ముక్కే చెప్పేస్తుంది. అదీ పాత అలవాటే.

ఇంజను ఒక్క తిప్పుకే లేచింది. రేకులు గలగలలాడాయి.

"హమ్మయ్య! బాగయినట్టేనా?" అంది డ్రైవరమ్మ. నలభై ఏళ్ల మనిషి. ఎండకి ముఖం మీద టోపీ అంచు దాకా ఒక రంగు, పైన ఒక రంగు. మెళ్లో ఎప్పుడూ ఈల.

"లేచిందమ్మాయ్. లాగుతుందో లేదో నీళ్లలో తెలియాలి."

అసలు గొడవ అదే. ఇది స్కీ బోటు. రెండు చెక్కల మీద నిలబడ్డ మనిషి వెనక తాడు పట్టుకుంటే, ఆ మనిషిని నీళ్లలోంచి పైకి లేపి లాక్కుంటూ పోవడం దీని పని. మూడు రోజులుగా మొదటి పది నిమిషాలు బ్రహ్మాండంగా లాగుతోంది, ఆ తర్వాత ఊపిరి అందనట్టు దగ్గి, వేగం తగ్గి, సరస్సు మధ్యలో చతికిలపడుతోంది. తాడు చివరి మనిషి బుడుంగున నీళ్లలోకి. ఈ మూడు రోజుల్లో అలా ఎక్కువసార్లు మునిగింది పళ్ల డాక్టరు. రోజూ వచ్చే సభ్యుడు, పెద్ద మనిషి, మునిగి లేచిన ప్రతిసారీ "నా పేషెంట్ల ఉసురు తగిలింది" అంటాడు.

మేస్త్రీ చేయగలిగినవన్నీ చేశాడు. మొదటి రోజు స్పార్కు ప్లగ్గులు మార్చాడు. రెండో రోజు పెట్రోలు ఫిల్టరు మార్చాడు, ప్రొపెల్లరుకి చుట్టుకున్న నాచు గోకాడు. మూడో రోజు పొడుగాటి స్క్రూడ్రైవరు పిడి చెవికి ఆనించి, కొన ఇంజనుకు తాకించి, గంటసేపు వైద్యుడిలా విన్నాడు. ఏ లోపమూ లేదు. షెడ్డుకి తెచ్చి తిప్పితే బుద్ధిమంతుడైన పిల్లాడిలా గంటలకొద్దీ నడుస్తుంది. నీళ్లలోకి వెళ్తే పది నిమిషాలు. బుర్ర గోక్కుని గోక్కుని అతనికి ఉన్న నాలుగు వెంట్రుకలూ రాలిపోయేలా ఉన్నాయి.

ఎనిమిదింటికి సెక్రటరీ వచ్చాడు. చెడ్డవాడేం కాదు. చేతిలో ఫైలుంటేనే నిలబడగలిగే మనిషి, అంతే. ఆ రోజు ఫైలు ముదురు నీలం రంగుది, పైన డ్రైవరమ్మ ఉద్యోగం నంబరు ఉంది.

"సోమవారం నుంచి పిల్లల శిక్షణ మొదలు," అన్నాడు సెక్రటరీ. "ముప్ఫైమంది పిల్లలు. బోటు ఇలా మధ్యలో ఆగుతుంటే నేను ఎవరికి సమాధానం చెప్పాలి? నడిపే తీరులోనే ఏదో ఉందని కమిటీ వాళ్ల అనుమానం. అడ్డదిడ్డంగా రేజ్ చేస్తే ఏ ఇంజనైనా ఎన్నాళ్లుంటుంది?"

"నేను అడ్డదిడ్డంగా ఎప్పుడు నడిపాను సార్?" అంది డ్రైవరమ్మ.

సెక్రటరీ ఫైలు తెరవలేదు, కానీ దాని మీద వేలితో రెండుసార్లు తట్టాడు. "ఇది మొదటిసారి కాదు కదమ్మా. సాయంత్రం నాలుగింటికి నేనే వచ్చి చూస్తాను. డాక్టరుగారు స్కీ చేస్తారు. బోటు సరిగ్గా లాగితే సరే. లేకపోతే సోమవారం నుంచి వేరే డ్రైవరు వస్తాడు. మీకు టికెట్ల కిటికీ దగ్గర పని."

అతను వెళ్లిపోయాక ఆమె చాలాసేపు ఈల తాడు వేలికి చుట్టుకుంటూ నిలబడింది. సరస్సు వైపు చూసింది. ఆ చూపు చూసి మేస్త్రీ చేతిలోని స్పానరు కింద పెట్టేశాడు. మొదటిసారి కాదు కదమ్మా. ఆ ఫైల్లో ఎర్ర సిరాతో రాసిన ఒక వాక్యం ఉంది. అది రావలసింది తన ఫైల్లో.

పదకొండేళ్ల కిందటి మాట. మేస్త్రీ భార్య ఆసుపత్రిలో పడి పదిహేడో రోజు. మూడు రాత్రులు వసారా నేల మీద కూర్చునే గడిపి, తిన్నగా పనిలోకి వచ్చాడు. ముందు రోజు బోటు ఒడ్డుకు లాగి బిరడా విప్పినవాడు తనే. బల్ల మీద టీ గ్లాసు పక్కన పెట్టినవాడు తనే. పొద్దున్న దాన్ని అక్కడే మర్చిపోయి బోటును నీళ్లలోకి దించి, రేవుకు కట్టి, టీ తాగడానికి వెళ్లినవాడూ తనే. నలభై నిమిషాల్లో బోటు ఏ గొడవా చేయకుండా, కట్టిన చోటే, పీకల దాకా మునిగింది. ఇంజను నీళ్లపాలు.

అప్పటి సెక్రటరీ వేరే మనిషి, గొంతు పెద్దది. "బిరడా చూసుకోని వెధవ ఎవడు?" అని అందరి ముందూ అరిచాడు. మేస్త్రీ నోరు తెరిచాడు. అతని కన్నా ముందు, ఉద్యోగంలో చేరి ఆర్నెల్లయినా కాని ఆ అమ్మాయి, "నేనే సార్. నేనే చూసుకోవాల్సింది," అంది. అని, కంటి చివర నుంచి మేస్త్రీ వైపు చూసింది. కూర్చో అని పిల్లాడికి సైగ చేసినట్టు ఉంది ఆ చూపు. అతను కూర్చున్నాడు. తెరిచిన నోరు మూసుకున్నాడు. ఉద్యోగం ఉంటేనే ఆసుపత్రి కార్డు చెల్లుతుందని ఆమెకు ఎవరు చెప్పారో అతనికి ఇప్పటికీ తెలియదు.

ఆమెను పదిహేను రోజులు పనిలోకి రావద్దన్నారు. ఫైల్లో ఎర్ర సిరా పడింది. ఆ పదిహేను రోజుల్లోనే మేస్త్రీ భార్యకు ఆపరేషను అయింది. ఇరవయ్యారో రోజున చేతికర్ర పట్టుకుని ఇంటికి నడిచి వచ్చింది. ఆ తర్వాత తొమ్మిదేళ్లు బతికింది.

తొమ్మిదేళ్లంటే తక్కువా? ఆ తొమ్మిదేళ్లలో ఆమె ప్రతి నెలా వరండాలో స్టూలు వేసి అతనికి జుట్టు కత్తిరించింది. అతను తెచ్చి పోసిన మరలన్నీ సైజుల వారీగా సీసాల్లో వేసింది. అతను పడుకోగానే గురక పెడతాడని తిట్టింది, పెట్టకపోతే బతికే ఉన్నాడో లేదోనని లేపింది. ఈ తిట్లన్నిటికీ అతను లోలోపల ఒక మనిషికి దణ్ణం పెట్టుకునేవాడు. పైకి ఏనాడూ అనలేదు. భార్యకు మాత్రం ఆ విషయం మొదటి వారమే చెప్పేశాడు. అప్పట్నుంచి ఆవిడ నెలకోసారి, కత్తెర చేతిలో ఉండగా, అంటే అతను కదలడానికి లేని సమయం చూసుకుని అడిగేది.

"ఆ పిల్లకి చెప్పావా?"

"చెప్తాలే."

"ఎప్పుడు? నేను పోయాకా?"

అలాగే అయింది. ఆవిడ పోయి రెండేళ్లు దాటింది. అతను ఇంకా ఆమెకూ చెప్పలేదు, క్లబ్బుకూ చెప్పలేదు. తప్పు ఒప్పుకోవడానికి మొదటి రోజు కావలసిన ధైర్యం పిసరంతే. రోజులు గడిచేకొద్దీ అది పెరుగుతూ పోతుందని అతనికి తెలియలేదు. బిరడా వాడుక మాత్రం ఆమె పనిలోకి తిరిగి వచ్చిన రోజే మొదలుపెట్టాడు, అదేదో తనకు తనే వేసుకున్న శిక్షలాగా. చూసినవాళ్లు అది ఆమెకు వేసిన శిక్ష అనుకున్నారు. "ఏమ్మా, ఇవాళైనా బిరడా వేశావా?" అని కొత్తగా చేరినవాళ్లు కూడా వేళాకోళం చేస్తారు. ఆమె నవ్వేస్తుంది. ఆమె నవ్విన ప్రతిసారీ అతను తల వంచుకుని, అవసరం లేని నట్టు ఏదో బిగిస్తాడు.

పదింటికి మేస్త్రీ ఖాకీ జేబులోంచి బిరడా తీశాడు. ఆమె బిగించింది. "వేశాను బాబాయ్."

"నేనూ వస్తాను," అన్నాడు మేస్త్రీ.

ఆమె కళ్లు పెద్దవి చేసింది. ముప్ఫై ఒక్క ఏళ్లు బోట్ల మధ్య బతికిన ఈ మనిషికి ఈత రాదు. రేవు దాటి నీళ్ల మీదికి వెళ్లడం ఆమె ఎప్పుడూ చూడలేదు. "మీరా? పడితే మిమ్మల్ని లాగడానికి ఇంకో స్కీ బోటు లేదు బాబాయ్," అంది. రెండు లైఫ్ జాకెట్లు అడిగాడు. ఒకటే ఇచ్చింది.

ఎండ నీళ్ల మీద చిన్న చిన్న ముక్కలుగా మెరుస్తోంది. బోటు ముక్కు పైకెత్తి దూసుకుపోయింది. మేస్త్రీ ఇంజను పెట్టె పక్కన, రెండు చేతులతో కమ్మీ పట్టుకుని, గుటకలు మింగుతూ కూర్చున్నాడు. ఐదు నిమిషాలు. ఎనిమిది. ఇంత అందంగా ఉంటుందా ఇక్కడ, ఇన్నేళ్లూ ఒడ్డునే కూర్చుని ఏం చూశాను అనుకున్నాడు. పదకొండో నిమిషంలో ఇంజను ఒకసారి దగ్గింది. ఆమె రేజ్ తగ్గించలేదు, పెంచలేదు. ఆ చెయ్యి ఎంత నిదానంగా ఉందో అతను కళ్లారా చూశాడు. ఇంజను మళ్లీ దగ్గి, గొణిగి, ఆగిపోయింది.

ఒక్కసారిగా అంతా నిశ్శబ్దం. బోటుకు నీళ్లు తగిలే చప్పుడు మాత్రం.

ఆమె చెయ్యి తాళం మీదికి వెళ్లింది.

"ఆగు."

ఆమె చెయ్యి వెనక్కి తీసుకుంది. అతను అలవాటు ప్రకారం వెనక్కి జరిగి, వాసన చూద్దామని ట్యాంకు మూత తిప్పాడు.

మూత వదులవగానే 'ఉస్స్స్'మని చప్పుడు. చిన్నది కాదు. నీళ్లలో మునిగిన మనిషి పైకి తేలి గాలి పీల్చుకున్నంత పొడుగాటి చప్పుడు. ట్యాంకు గాలి తాగుతోంది.

మేస్త్రీ మూత చేతిలో పట్టుకుని అలాగే ఉండిపోయాడు.

"ఇప్పుడు తిప్పు," అన్నాడు కాసేపటికి. ఇంజను టక్కున లేచింది. "లాగించు." మూత తెరిచే ఉంచి, పెట్రోలు చిందకుండా పైన గుడ్డ అడ్డం పెట్టి పట్టుకున్నాడు. పది నిమిషాలు, ఇరవై నిమిషాలు, అరగంట. ఒక్క దగ్గు లేదు.

"ఏంటి బాబాయ్ ఇది?" అని అరిచింది ఆమె, ఇంజను హోరులో.

"నేనే!" అని అరిచాడు అతను. "నేనే మూడు రోజులుగా బాగు చేసేస్తున్నా, నాకు తెలియకుండా!"

ఒడ్డుకు వచ్చి బోటును పైకి లాగాక ఆమెకు విడమరిచి చెప్పాడు. ట్యాంకులోంచి పెట్రోలు ఖర్చవుతుంటే ఆ జాగాలోకి గాలి వెళ్లాలి. దానికో సన్న గొట్టం ఉంటుంది, బోటు పక్కన చొక్కా గుండీ అంత రంధ్రంలోకి తేలుతుంది. అది మూసుకుపోతే ట్యాంకు గాలి లేక బిగుసుకుపోయి పెట్రోలు వదలదు. పది నిమిషాలకు ఇంజను పస్తు. కానీ షెడ్డుకి తేగానే ఈ మేస్త్రీ చేసే మొదటి పని ఏమిటి? మూత తీసి వాసన చూడటం. తీయగానే గాలి లోపలికి పోతుంది, రోగం నయమైపోతుంది. ఆ తర్వాత ఎన్ని గంటలు వెతికితే ఏం దొరుకుతుంది? అప్పటికి అరగంట గడిచి, గాలి కాస్తో కూస్తో చొరబడి ఉంటుంది కనుక చప్పుడూ పెద్దగా ఉండేది కాదు. ఉన్నా, అతను అక్కడ ముక్కు పెట్టాడే కానీ చెవి పెట్టలేదు.

సన్నటి తీగ తీసుకుని ఆ రంధ్రంలో పొడిచాడు. గట్టి మట్టి ముక్క ఒకటి ఊడి అరచేతిలో పడింది. ఎంత నున్నగా మెత్తిందో! మట్టి గూడు కట్టే కందిరీగ, పోయిన వారం బోటు ఎండలో నిలబెట్టి ఉన్నప్పుడు, మంచి ఇల్లు దొరికిందని గృహప్రవేశం చేసేసింది.

"ఇంత చిన్నదానికా నన్ను టికెట్లు అమ్ముకోమన్నారు?" అంది డ్రైవరమ్మ. నవ్వింది, నవ్వుతూనే టోపీ తీసి ముఖం తుడుచుకుంది. "బాబాయ్, మీరు లేకపోతే ఇవాళ నా పని అయిపోయేది."

ఆ మాట అతనికి సూదిలా దిగింది. తనకు ఆమె థాంక్స్ చెప్తోంది. తనకు! మట్టి ముక్కను గుడ్డలో చుట్టి, "ఉండు, ఇప్పుడే వస్తా," అని మెట్లెక్కాడు. సెక్రటరీ గది పన్నెండు మెట్ల పైన. ఏడో మెట్టు దగ్గర ఊపిరి అందక గోడ పట్టుకుని నిలబడ్డాడు. ఈమధ్య ఏడో మెట్టు దగ్గర నిలబడటం మామూలే. ఎడమ భుజం కూడా లాగుతోంది, కమ్మీని అంత గట్టిగా పట్టుకున్నందుకు అనుకున్నాడు.

"ఇదిగో సార్ దొంగ," అని గుడ్డ విప్పి బల్ల మీద పెట్టాడు. జరిగింది చెప్పాడు. "ఆ అమ్మాయి చెయ్యి నేను పక్కన కూర్చుని చూశాను. అంత నిదానంగా నడిపేవాళ్లు నాకు ఇంకొకరు తెలియదు."

సెక్రటరీ మట్టి ముక్కను పెన్నుతో అటూ ఇటూ దొర్లించాడు. "మంచిది మేస్త్రీగారూ. నాలుగింటికి చూద్దాం. ఇంకేమైనా ఉందా?"

ఉంది. పదకొండేళ్లుగా ఉంది. మేస్త్రీ అరచేతులు ప్యాంటుకు తుడుచుకున్నాడు.

"ఆ ఫైల్లో ఎర్ర సిరా మాట ఉంది కదా సార్. బిరడా సంగతి. అది నేను. బిరడా బల్ల మీద మర్చిపోయి బోటు దించింది నేను. ఆ అమ్మాయి రేవు మీదికి వచ్చేసరికే బోటు సగం మునిగింది. మా ఆవిడ ఆసుపత్రిలో ఉందని, నా ఉద్యోగం పోతుందని, తన మీద వేసుకుంది. నేను నోరు మూసుకున్నాను."

సెక్రటరీ పెన్ను పక్కన పెట్టాడు.

"పదకొండేళ్ల తర్వాత ఇప్పుడెందుకు చెప్తున్నారు?"

"ఇంతకు ముందే చెప్పాల్సింది సార్. భయం. తర్వాత సిగ్గు. ఇవాళ పొద్దున్న మీరు ఫైలు మీద తట్టారు చూడండి, అది నా నెత్తి మీద తట్టినట్టయింది."

సెక్రటరీ తెల్లకాగితం ఒకటి ముందుకు జరిపాడు. "రాసి ఇవ్వండి. మీ చేతి రాతతో." మేస్త్రీ రాశాడు. ఆరు లైన్లే, కానీ ఆయిలు వేలిముద్రలు అంతకన్నా ఎక్కువ పడ్డాయి. సెక్రటరీ దాన్ని నీలం ఫైల్లో, ఎర్ర సిరా కాగితం మీద పెట్టి గుచ్చాడు. "మీ మీద ఇప్పుడు ఏం చర్య తీసుకోవాలో నాకు తెలియడం లేదు," అన్నాడు. కాస్త ఆగి, "కందిరీగ మీద కూడా," అన్నాడు. అతని నోట్లోంచి హాస్యం రావడం క్లబ్బులో అదే మొదటిసారి.

నాలుగింటికి సెక్రటరీ, పళ్ల డాక్టరు రేవు మీద సిద్ధంగా ఉన్నారు. షెడ్డులో మేస్త్రీ జేబులోంచి బిరడా తీశాడు. డ్రైవరమ్మ అరచేయి చాపింది. అతను వెంటనే పెట్టలేదు.

"అమ్మాయ్, పైన చెప్పేశాను. బిరడా సంగతి. రాసి కూడా ఇచ్చాను."

ఆమె ముఖంలో నవ్వు ఆగిపోయింది. "ఎందుకు బాబాయ్? ఎవరడిగారు?"

"మీ పిన్ని అడిగింది. చానాసార్లు." "తొమ్మిదేళ్లు ఇచ్చావమ్మా దానికి. నాకు. రోజూ నీ చేతిలో ఈ ముక్క పెడుతూ చెబుదామనుకునేవాణ్ణి, నోరు పెగిలేది కాదు. నువ్వు చల్లగా ఉండాలి తల్లీ. అంతే, ఇంకేం లేదు."

"మీరు నిద్రపోయి ఎన్ని రోజులైందో ఆ రోజు మీ కళ్లు చూస్తే తెలియదా?" అంది ఆమె. కళ్లు నిండాయి. "బోటు మోసే ట్రెయిలరు రివర్సు చేయడం రాక అందరూ నవ్వుతుంటే, నాకు దగ్గరుండి నేర్పింది ఎవరు? వారం రోజులు, గొంతు పెంచకుండా? ఇప్పుడు ఇవన్నీ చెప్పి ఏడిపిస్తే నాకు ఎదురుగా దారి కనిపిస్తుందా? ఇటివ్వండి." బిరడా లాక్కుని వంగింది. బిగిస్తున్నంతసేపూ ముఖం చూపించలేదు. "వేశాను బాబాయ్."

డాక్టరు నీళ్లలోంచి మొదటిసారికే లేచి నిలబడ్డాడు. ఒక చుట్టు, రెండు చుట్లు, మూడు. పది నిమిషాలు దాటాయి, ఇరవై దాటాయి. తాడు తీగలా బిగిసే ఉంది. డాక్టరు ఒక చెయ్యి వదిలి రేవు వైపు ఊపాడు. సెక్రటరీ గడియారం చూసుకోవడం మానేసి చప్పట్లు కొట్టాడు. బోటు రేవుకు రాగానే వంగి, "సోమవారం పిల్లల్ని మీరే తీసుకెళ్లాలి. ఎనిమిదింటికి," అని, ఫైలు చంకలో పెట్టుకుని మెట్లెక్కిపోయాడు.

డాక్టరుకు ఆశ తీరలేదు. ఇన్నాళ్లు మునిగినందుకు ఇంకో నాలుగు చుట్లు అన్నాడు. డ్రైవరమ్మ సరేనని మళ్లీ తీసుకెళ్లింది.

ఐదయింది. మేస్త్రీ కిరోసిన్‌తో, ఆపైన సబ్బుతో చేతులు కడుక్కున్నాడు. ఖాకీ చొక్కా మేకుకి తగిలించి ఇంటి చొక్కా తొడుక్కున్నాడు. రోజూ కూర్చునే చెక్కపెట్టె వాలు పక్కనే ఉంది. దాని మీద కూర్చుని, గోడకి వీపు ఆనించి, కుడి అరచేయి మోకాలి మీద వెల్లకిలా పెట్టుకున్నాడు. బిరడా అందుకోవడానికి ఎప్పుడూ అలాగే కూర్చుంటాడు. సరస్సు మీద ఎండ పచ్చబడింది. దూరంగా ఇంజను చప్పుడు, ఏ తడబాటూ లేకుండా, ఒకే శ్రుతిలో. ఇంతకన్నా ఏం కావాలి మనిషికి అనుకున్నాడు. ఇంటికెళ్లి ఫొటో ముందు నిలబడి, చెప్పేశానే అని చెప్పాలి. ఆవిడ ఇప్పుడా అని తిడుతుంది. తిట్టనీ. ఆ తిట్టు ఎలా ఉంటుందో ఊహించుకుంటూ కళ్లు మూసుకున్నాడు.

డాక్టరును రేవు దగ్గర దించి, డ్రైవరమ్మ బోటును వాలు దగ్గరికి తెచ్చి ట్రెయిలరు ఎక్కించింది. మేస్త్రీ లేవకపోయేసరికి తాడు చుట్టే చేతి చక్రం తనే తిప్పి పైకి లాగింది. అలిసిపోయి ఉంటాడు, పడుకోనీ అనుకుంది. ఆట పట్టించడానికి, ఇంజను ఆపేశాక తాళం మళ్లీ తిప్పబోయినట్టు గలగలలాడించింది. రోజూ చేసే పనే అది, అతని చేత అనిపించడానికి.

ఆగు అనే మాట రాలేదు.

ఆమె బోటు వెనక్కి వెళ్లి బిరడా విప్పింది. నీళ్లు సన్నటి ధారగా సిమెంటు మీద పడి సరస్సులోకి జారిపోయాయి. బిరడా తెచ్చి, వంగి, మోకాలి మీద తెరిచి ఉన్న ఆ అరచేతిలో పెట్టింది. "ఇదిగో బాబాయ్."

వేళ్లు ముడుచుకోలేదు.

ఆమె ఎంత గట్టిగా ఈల ఊదిందంటే పై గదిలోంచి సెక్రటరీ, బట్టలు మార్చుకుంటున్న డాక్టరు ఒకేసారి పరుగెత్తుకొచ్చారు. డాక్టరు మోకాళ్ల మీద కూర్చుని మణికట్టు పట్టుకున్నాడు, మెడ మీద చెయ్యి వేశాడు, ఛాతీ నొక్కాడు. చాలాసేపు నొక్కాడు. ఆ తర్వాత తల అడ్డంగా ఊపి, "బాధ పడినట్టు లేదమ్మా," అన్నాడు మెల్లగా. నిజమే. ముఖం మీద, ఎవరో తిడుతుంటే వింటున్న మనిషి చిరునవ్వు అలాగే ఉంది.

సోమవారం పొద్దున్న పిల్లలు రాకముందే డ్రైవరమ్మ షెడ్డు తెరిచింది. మరిగించిన నీళ్లు ముందు బ్యాటరీకి పోసింది, మిగిలిన వాటితో టీ పెట్టుకుంది. గాలి గొట్టంలో తీగ పెట్టి చూసింది. ఖాకీ చొక్కా ఎడమ జేబులో ఆ సాయంత్రం తనే వేసిన బిరడా తీసి బిగించి, "వేశాను బాబాయ్" అంది. ఆ మాట వినడానికి షెడ్డులో ఎవరూ లేరు, అయినా అంది. ముప్ఫైమందినీ వంతుల వారీగా నీళ్ల మీద తిప్పింది. తాళం తిప్పే వంతు వచ్చిన ఒక అమ్మాయి, ఇంజను లేవలేదని కంగారుపడి రెండోసారి తిప్పబోతే, ఆమె నోట్లోంచి తనకు తెలియకుండానే "ఆగు" అన్న మాట ఊడిపడింది.

సాయంత్రం బోటు పైకి లాగి, బిరడా విప్పి, తడి తుడిచి, లైఫ్ జాకెట్ల వరస చివరికి నడిచింది. దాన్ని ఉండవలసిన చోట వేసి, దీపం ఆర్పి తలుపు మూసింది. చీకట్లో మేకుకి ఖాకీ చొక్కా వేలాడుతూనే ఉంది, ఎడమ జేబు ఆ ఇత్తడి బరువుకు వేలెడు కిందికి సాగి.